చవక ఇడ్లీ ఖరీదు

ఊరు కాని ఊళ్ళో చవకగా, శుభ్రంగా తిండి దొరికే హోటలు కనిపెట్టాలంటే చాలామంది గోడమీది ధరల బోర్డు చూస్తారు. ఆడవాళ్ళం ఏం చేస్తాం? వంటింట్లోకి తొంగి చూస్తాం!

2025 మేలో కాళేశ్వరం సరస్వతీ పుష్కరాలకి వెడుతూ కాటారంలో ఆగాం. భూపాలపల్లి దారీ, మంథని దారీ కలిసేది అక్కడే. రేకుల షెడ్డులో చిన్న హోటలు. గల్లాపెట్టె దగ్గర భర్త, పొయ్యి దగ్గర భార్య. ఇడ్లీ దూదిలా ఉంది.

“ఇంత తక్కువకెట్లా ఇస్తున్నారమ్మా?”

“పనోళ్ళను పెట్టలేదు గదమ్మా, నేనే చేస్త.”

మినప్పప్పు, గ్యాసు, అద్దె అన్నీ ధరలో కలిశాయి. ఆవిడ తెల్లవారుజాము ఒక్కటే కలవలేదు. “ఇంట్లో కంటే చవక!” అని మావారు మురిసిపోయారు. ఇంట్లో వంటకి జీతమెంత కట్టారో మరి!

చవకలో తగ్గినది ఎవరో ఒకరు భరించాల్సిందే. హైదరాబాదులో 2014లో మొదలైన అయిదు రూపాయల భోజనానికి మిగతా ఖర్చు కార్పొరేషన్ పెట్టుకుంది. డొక్కా సీతమ్మగారు గోదావరి లంకల్లో బాటసారులకి సొంత సొమ్ముతో పెట్టారు, మనసారా. ఈవిడ మాటో? భరిస్తావా అని అడిగినవాళ్ళెవరు?

పోనీ, మానేసి పెద్ద హోటలుకి పోతే ఈ బేరమూ పోతుంది. పది రూపాయలు ఎక్కువిద్దామా అంటే, అవీ గల్లాపెట్టెలోకే వెడతాయి.