అమ్మ బాకీ ఏ పద్దులో?

మనిషి మూడు అప్పులతో పుడతాడంటుంది తైత్తిరీయ సంహిత. దేవతల అప్పు యజ్ఞంతో, పితృదేవతల అప్పు సంతానంతో, ఋషుల అప్పు బ్రహ్మచర్యంతో, అంటే చదువుతో తీరుతుందట. అక్కడ చెప్పింది బ్రాహ్మణుడి గురించే అయినా, తర్వాత అందరూ తమకు వర్తింపజేసుకున్నారు. ఏటా మాఘమాసంలో మా అన్నయ్య అమ్మ తద్దినం పెడుతుంటే నన్ను పట్టుకునే సందేహం ఇక్కడే పుట్టింది. అమ్మకు మేం పడ్డ బాకీని ఈ మూడింట్లో ఏ పద్దు కింద రాసుకోవాలి?

అమ్మ నెల్లూరు జిల్లా మెట్టప్రాంతంలో పంచాయతీ సమితి బడి టీచరు. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ ఒకే గదిలో, అన్నింటికీ ఆమె ఒక్కతే. అన్నయ్యా నేనూ ఆ గదిలోనే చదువుకున్నాం. బళ్ళో "అమ్మా" అని పిలిస్తే పలికేది కాదు, "టీచర్" అనాల్సిందే. పలకలు దిద్దేటప్పుడు మా ఇద్దరివీ అందరికన్నా చివర. అరిగిపోయిన సుద్దముక్కలు కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చేది, మర్నాడు మళ్ళీ వాటితోనే రాసేది. వేరుశనక్కాయలు పీకే రోజుల్లో పిల్లలు బడి మానేస్తే గట్లెంట నడిచి పొలానికే పోయేది. "సాయంత్రం నువ్వు తోలుకుపో అబ్బయ్యా, పొద్దున పూట మాత్రం నాకియ్యి" అని బేరం పెట్టేది. తిట్టిన వాళ్ళూ ఉన్నారు, రెండోరోజే పంపిన వాళ్ళూ ఉన్నారు.

తొంభైల మొదట్లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. పగలు పిల్లలు, రాత్రి లాంతరు వెలుగులో వాళ్ళ అమ్మలు. ఆ వాచకాల్లో ఊరి ఆడవాళ్ళంతా ఒక్కటై సారా మాన్పించిన కథ ఒకటుండేది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించాక ఆ కథ గురించి రాష్ట్రమంతా మాట్లాడుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. సర్కారు ఉద్యోగి కనుక అమ్మ ధర్నాల్లో కూర్చోలేదు. అర్జీ మీద వేలిముద్రకు బదులు సంతకం పెట్టడం మాత్రం నేర్పింది.

ఇప్పుడు శాస్త్రం దగ్గరికి వస్తాను. మనుస్మృతి రెండో అధ్యాయం 145వ శ్లోకంలో ఒక లెక్కుంది: పదిమంది ఉపాధ్యాయుల కంటే ఆచార్యుడు, నూరుమంది ఆచార్యుల కంటే తండ్రి, వెయ్యిమంది తండ్రుల కంటే తల్లి గొప్ప. అది చదివి పొంగిపోయేలోగా 146 అడ్డుపడుతుంది. జన్మనిచ్చినవాడి కన్నా వేదమిచ్చినవాడే గొప్పవాడంటుంది, ఎందుకంటే ఆ రెండో పుట్టుక ఇక్కడా పరలోకంలోనూ నిలిచేది. వరసగా ఉన్న రెండు శ్లోకాలకు పొత్తు కుదర్చాలని పండితులు తంటాలు పడతారు. నాకు తోచిందొకటే. కన్నదీ చదువు చెప్పిందీ ఒకే మనిషి కావచ్చునన్న ఊహ ఆ లెక్క కట్టినవాడికి లేదు.

పురాణానికి ఆ ఊహ ఉంది. మార్కండేయ పురాణంలో మదాలస ఉయ్యాల ఊపుతూనే కొడుకులకు ఆత్మవిద్య చెప్పింది. విక్రాంతుడు, సుబాహువు, శత్రుమర్దనుడు ముగ్గురూ విరాగులై పోయారు. నాలుగోవాడినైనా రాజ్యానికి మిగల్చమని భర్త వేడుకుంటే అలర్కుడికి రాజనీతి నేర్పింది. మారన ఈ పురాణాన్ని తెలుగు చేసిన నాటి నుంచీ మదాలసను మెచ్చుకుంటూనే ఉన్నాం. నాకు మాత్రం ఆ కథలో కొంచెం భయం ఉంది. సన్యాసం కావాలా అని ఆ పసివాళ్ళను ఎవరు అడిగారు? తల్లే గురువైతే పిల్లలకు పారిపోయే చోటుండదు. బళ్ళో కొట్టారని ఇంటికొచ్చి చెప్పుకోవాలంటే మాకు కొట్టింది ఇంట్లో మనిషే కదా! అన్నయ్య ఇంజనీరు, నేను బీఈడీ అన్నది మేం పలకలు పట్టిన నాడే ఆమె తేల్చేసింది. ఆ చదువు మీదే ఇద్దరం బతికాం, అయినా ఆ మాట చెప్పకుండా ఉండలేను.

అమ్మ ఈతబెత్తం వాడేది. లెక్క తప్పిందని ఓ పిల్లను కొట్టింది. ఆ పిల్ల మర్నాటి నుంచి బడికి రాలేదు. గట్లెంట నడిచి వాళ్ళింటికి కూడా పోయిందమ్మ, ఫలితం లేకపోయింది. సంతాపసభలో అమ్మను సరస్వతీదేవి అన్నవాళ్ళెవరూ ఈ సంగతి ఎత్తలేదు, అన్నయ్యతో సహా.

తల్లిని దేవతగా చూడమన్న మాట తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోది. చదువు పూర్తయిన శిష్యుణ్ణి ఇంటికి పంపుతూ గురువు చెప్పేది. ఆ వెంటనే ఆయన ఇంకొకటి కూడా చెబుతాడు: మాలో మంచి నడవడి ఏదో దాన్నే పట్టుకో, మిగతాది వద్దు. మొదటి మాటను ఫొటోల కింద అచ్చు వేయించుకున్నాం, రెండోదాన్ని మరిచిపోయాం. తనను వడపోసుకోమని గురువే అనుమతి ఇచ్చాక, దేవతగా చూడడమంటే తప్పులు దాచడం కాదని నా తీర్పు.

అందుకని అమ్మ బాకీలో పెద్ద భాగాన్ని నేను ఋషుల పద్దులో వేశాను. పిండం అన్నయ్య పెడతాడు, అది అతని నమ్మకం, నాకు పేచీ లేదు. సాయంత్రాలు మా వీధి పిల్లలకు లెక్కలు చెబుతాను, బెత్తం లేకుండా. మీ ఇళ్ళలోనూ తద్దినం నాడు బంధువులంతా విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు ఒక్క పని చేయండి. పోయినవారి నుంచి ఏది పట్టుకున్నారో, ఏది వదిలేశారో పిల్లలు వినేలా చెప్పండి.