ఎదిగే వయసు, ఉపవాసం

పిల్లలు ఉపవాసం ఉండవచ్చా అన్న ప్రశ్న కడప జిల్లాలో ఒక్క మతానిది కాదు. ప్రొద్దుటూరులో రంజాన్ రోజాలు, జమ్మలమడుగు చర్చిల్లో శ్రమల దినాల ప్రార్థనలు, అదే ఊరి నారాపుర వెంకటేశ్వరస్వామి గుడిలోనూ పులివెందుల రంగనాథస్వామి గుడిలోనూ వైకుంఠ ఏకాదశి, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాలలు. ఏడాది పొడవునా ఏదో ఒక ఇంట్లో ఓ పిల్లవాడు పెద్దలతో పాటు తానూ ఉపవాసం ఉంటానని ముచ్చటపడుతూనే ఉంటాడు.

ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం రోజా యుక్తవయసు వచ్చినవారికే విధి. అంతకు ముందు మెల్లగా అలవాటు చేయవచ్చు గాని నిర్బంధం లేదు. ముహర్రం పదో రోజైన ఆషూరా నాడు ఉపవాసం ఉన్న పిల్లలు ఆకలికి ఏడిస్తే, మదీనా తల్లులు ఉన్నితో చేసిన బొమ్మలిచ్చి మరపించేవారని బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు చెబుతాయి. రోగులకు, ప్రయాణికులకు మినహాయింపు ఉంది. నెలసరిలో ఉన్న అమ్మాయి ఆ రోజాలను తర్వాత పూర్తి చేసుకుంటుంది.

హిందూ సంప్రదాయంలో వయసు గీత ఇంకా కిందికి దిగింది. ఎనిమిదేళ్లు దాటి ఎనభై నిండని వారందరూ ఏకాదశి నాడు అన్నం మానాలని రుక్మాంగద మహారాజు నగారా వేయించి చాటించాడని నారద పురాణ కథ. ప్రౌఢకవి మల్లన దీన్నే తెలుగు కావ్యం చేశాడు. ఎనిమిదేళ్లంటే ఇప్పటి లెక్కలో మూడో తరగతి పిల్లలు. అయితే నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, మందు, గురువు మాట వ్రతాన్ని చెడగొట్టవని మహాభారతం ఉద్యోగపర్వంలో ఉంది. ఇళ్లలో రాజు చాటింపు గుర్తున్నంతగా ఈ సడలింపు గుర్తుండదు.

కథోలిక చర్చి 1983 ధర్మశాసనం మాంసం మానడాన్ని 14 ఏళ్లు నిండినవారికి, ఉపవాసాన్ని 18 నిండినవారికి విధించింది. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆస్పత్రిని నెలకొల్పిన ప్రొటెస్టెంటు సంప్రదాయం వయసు గీత గీయకుండా మనస్సాక్షికే వదిలింది.

ఎనిమిది, యుక్తవయసు, పద్దెనిమిది: ఈ మూడింటిలో శరీర ధర్మానికి దగ్గరగా ఉన్నది చివరిదే. యుక్తవయసు రాగానే బాధ్యత మొదలవుతుందనడంలో తర్కం ఉంది, బుద్ధి అప్పటికి వికసిస్తుంది. కానీ ఒంటికి తిండి అవసరం ఎక్కువయ్యేదీ ఆ ఏళ్లలోనే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 13-15 ఏళ్ల అమ్మాయికి రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, పెద్ద మగవాడికి 19 చాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని 15-19 ఏళ్ల అమ్మాయిల్లో పది మందికి దాదాపు ఆరుగురు రక్తహీనతతో ఉన్నారు. పులివెందుల అరటిపండు, చీనీకాయ ఫలహారంగా కడుపు నింపుతాయి గాని ఈ లోటు పూడ్చవు. బడిలో ఇచ్చే కోడిగుడ్డు, 2023 మార్చి నుంచి మొదలైన రాగిజావ ఉపవాసం నాడు పిల్లకు దక్కవు. పేదింట్లో వాటికి బదులుగా పెట్టేదేమీ ఉండదు.

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. ఉపవాసమంటే ఉన్నదాన్ని తన ఇష్టంతో వదులుకోవడం. ఇష్టం లేకుండా కడుపు మాడితే అది పస్తు. కరువులు ఎరిగిన సీమలో ఈ తేడాను ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. వ్రతానికి సంకల్పం, రోజాకు నియ్యత్ ప్రాణం. తాను వదులుకుంటున్నదేమిటో, దానికి ఒళ్లు చెల్లించే వెల ఏమిటో తెలియని పిల్ల సంకల్పించలేదు. ఆమె పేరున పెద్దలు సంకల్పిస్తే పుణ్యం ఎవరి ఖాతాలో పడినా, ఆకలి మాత్రం పిల్లదే. తల్లిదండ్రుల భక్తికి బిడ్డ ఒంటిని సాక్ష్యంగా నిలబెట్టడం ధర్మం కాదు.

అలాగని పిల్లల కోరికను తోసిపుచ్చడమూ తప్పే. వాళ్లు కోరేది ఆకలిని కాదు, పెద్దల వరుసలో చోటును. తెల్లవారుజామున సహరీ భోజనానికి లేపి పక్కన కూర్చోబెట్టుకోవడం, ఒక పూట రోజా, ఇఫ్తార్‌లో ఖర్జూరాలు పంచే పని, గుడిలో ప్రసాదం అందించే బాధ్యత ఆ చోటును ఇవ్వగలవు. మాల వేసిన పిల్లవాడికి ఒంటిపూట నియమాన్ని సడలించి పొద్దున, సాయంత్రం అల్పాహారం పెట్టినా శరణుఘోష తగ్గదు.

పదిహేను, పదహారేళ్లవాళ్ల విషయంలో ఇంకా ఎక్కువ కనిపెట్టి ఉండాలి. లావవుతున్నానన్న భయంతో తిండి మానేసే అమ్మాయికి వారానికో వ్రతం మంచి చాటు అవుతుంది. ఇంట్లోవాళ్లు భక్తి అనుకుని మెచ్చుకుంటుంటే లోపల జబ్బు ముదురుతుంది. ఇన్సులిన్ తీసుకునే పిల్లలు, రక్తహీనతకు మందులు వాడుతున్నవాళ్లు వైద్యుణ్ణి అడగకుండా ఉపవాసం ఉండకూడదు. 2019లోలా రంజాన్ మే నెలలో వస్తే, నీళ్లు కూడా తాగని రోజా కడప ఎండలో పిల్లల ఒంటికి ప్రమాదం. నోరు ఎండిపోవడం, కళ్లు తిరగడం, మూత్రం తగ్గడం కనిపిస్తే పొద్దుగుంకే దాకా ఆగకుండా నీళ్లు తాగించాలి. ప్రాణానికి హాని ఉన్నప్పుడు ఉపవాసం విరమించడాన్ని మూడు మతాల్లో ఏదీ దోషంగా లెక్కించదు.