కషాయం గెలవాలన్న కోరిక

తిప్పతీగ గెలవాలని నాకు ఉంటుంది. ల్యాబులో ఎలుకకు ఆ సారం పట్టించక ముందే ఉంటుంది. మూలికల మీద పరీక్షలు చేసే నేను ముందుగా అనుమానించవలసింది ఈ కోరికనే. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. ఒళ్లు వెచ్చబడితే చాలు, మా అమ్మమ్మ శొంఠి, మిరియాలు, తులసి వేసి మరిగించేది. నేలవేము చేదుకు మొహం తిప్పుకుంటే గడ్డం పట్టుకుని తాగించేది. ఆవిడ మాట నిజమని కాగితం మీద చూపించాలని నాలోని మనవరాలు ఇప్పటికీ తొందరపడుతుంది.

మామూలు వైరల్ జ్వరాలు చాలావరకు కొద్ది రోజుల్లో వాటంతటవే దిగిపోతాయి. మూడో రోజు కషాయం తాగి నాలుగో రోజు చెమట పడితే పేరు కషాయానికే వస్తుంది. పరీక్ష ఎందుకంటే ఇందుకే.

బీరు తయారీకి వాడే ఈస్టును ఎలుక చర్మం కింద ఎక్కిస్తాం. సుమారు 18 గంటలకు జ్వరం అందుకుంటుంది. కొన్నిటికి మూలిక సారం, కొన్నిటికి పారాసిటమాల్, కొన్నిటికి మందు లేని ద్రవం ఇచ్చి, గంటగంటకూ థర్మామీటర్ పెట్టి చూస్తాం. హాయిగా తిరిగే ప్రాణికి జ్వరం తెప్పించానన్న బాధ నాకు అలవాటు కాలేదు, కాకూడదు కూడా. దాని బాధ వృథా కాకూడదంటే మేం రాసుకునే అంకె నిజమైనదై ఉండాలి. ఏ ఎలుకకు ఏమిచ్చారో తెలిసినవాళ్లు థర్మామీటర్ ముట్టుకోకూడదని పట్టుబడతాను. ముఖ్యంగా నేను ముట్టుకోకూడదు.

ఇంకొకటి నన్ను తొలుస్తుంటుంది. అమ్మమ్మ నీళ్లలో కాచింది. మేం తరచుగా ఆల్కహాల్‌తో సారం తీసి, కిలో బరువుకు 400 మిల్లీగ్రాముల దాకా ఇస్తాం. శరీర వైశాల్యం లెక్కన మారిస్తే 60 కిలోల మనిషికి అది దాదాపు 4 గ్రాముల చిక్కటి సారం. ఆ ఫలితం పట్టుకుని ఇంట్లో కాచిన గ్లాసుడు కషాయం పనిచేస్తుందని చెప్పడానికి నాకు నోరు రాదు.

ఇలాంటప్పుడు చైనా శాస్త్రవేత్త తు యూయూ గుర్తొస్తుంది. 4వ శతాబ్దపు వైద్యుడు గె హాంగ్, విడిచి విడిచి వచ్చే జ్వరానికి చింగ్‌హావ్ మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగమన్నాడు. మరిగించమనలేదు. ఆ చిన్న తేడాను ఆవిడ పట్టుకుంది. వేడికి గుణం పోతోందేమోనని తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసింది. 1972లో రోగుల కంటే ముందు తానే తాగి చూసింది. అలా వచ్చిందే మలేరియా మందు ఆర్టెమిసినిన్. 2015లో ఆవిడకు నోబెల్ దక్కింది. పెద్దల మాటను గౌరవించడమంటే నాకు ఇదే: వాళ్లు చెప్పిన పద్ధతిని అక్షరం వదలకుండా చదవడం, ఆపైన మొహమాటం లేకుండా పరీక్షించడం.

ఆ మందు చంపేది మలేరియా పరాన్నజీవిని. థర్మామీటర్‌లో అంకె తగ్గించడం వేరు, రోగాన్ని కుదర్చడం వేరు. మా ఎలుకల పరీక్ష చెప్పగలిగేది మొదటిదే. డెంగీలోనైతే, జబ్బు తీవ్రమయ్యేవాళ్లలో చాలామందికి జ్వరం దిగే రోజుల్లోనే ప్రమాదం మొదలవుతుంది. కషాయం తాగండి, కాదనను. జ్వరం రెండు మూడు రోజులు దాటితే మాత్రం రక్తపరీక్ష చేయించుకోండి. జ్వరం దిగాక కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, నీరసం కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.