పటమును గెట్టును

భూమి నెఱుగుట వేఱు. భూమిపై హక్కు గలిగియుండుట వేఱు. ఈ రెంటికిని నడుమ నుండవలసిన దూరము మన కాలమున మిక్కిలి తగ్గిపోయినది. ఫోనులో భూపటము చూపు యాపులలో ఏది మేలైనదని మా ఆర్మూరు ప్రాంతపు యువకులు తఱచుగ ముచ్చటించుకొనుచుందురు. ఒకనికి కొనదలచిన చేని హద్దు కావలెను. మఱియొకనికి రాత్రి మొక్కజొన్నను పాడుచేసిపోయిన అడవిపంది యే గుట్టవెనుక దాగినదో కావలెను. అంగడిలో గొడ్డలి నెంచుకొనుట వంటిదే కదా యని తోచును. కాని గొడ్డలి మన చేతిబలమును మాత్రమే పెంచును. పటము మన కనులను పరుల చేలలోనికిని, జంతువుల పడకలలోనికిని గొనిపోవును. కావున ఏ పటము మేలన్న ప్రశ్నలో, ఎఱిగినంతమాత్రమున హక్కు గలుగునా యను ధర్మప్రశ్న యిమిడియున్నదని మా తలంపు.

నవనాథ సిద్ధుల గుట్ట మొదలుకొని ఆర్మూరు చుట్టును బండలు పేర్చినట్లుండు గుట్టలు గలవు. వాని క్రింద పసుపు చేలు. పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో నుండవలసిన పంట. అందు అంతరపంటగ మొక్కజొన్న వేయుట యిచటి వాడుక. కంకులకై వచ్చిన పందులమంద పసుపు బోదెలను గూడ త్రొక్కి పెల్లగించిపోవును. రైతు కోపము న్యాయమైనది. దానిని అహింసోపన్యాసముతో నణచజూచుట, రాత్రి మంచె యెక్కి కావలి కాయ నక్కఱలేని వారికి సులభము.

అయినను ఆ కోపమునకు చట్టమొక దారి నేర్పఱచినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో జరిగిన సవరణతో వినోదపు వేటకు మన దేశమున చోటు లేకపోయెను. పంటలకు హానిచేయు అడవిపందిని చంపుటకు మాత్రము ఆ చట్టపు 11వ ప్రకరణము ననుసరించి అధికారి వ్రాతమూలకముగ ననుజ్ఞ నీయవచ్చును. ఆ దారి దూరమని కొందఱు చేనిచుట్టు కరెంటు తీగ చుట్టుచున్నారు. ఆ తీగకు పందికిని, తెల్లవాఱక మునుపు నీళ్లు కట్టవచ్చిన పొరుగురైతునకును భేదము తెలియదు.

ఇక పటముల మాట. అమెరికాలో వేట చట్టసమ్మతమైన వినోదము. అచట మోంటానా రాష్ట్రమున 2009లో పుట్టిన ఆన్ఎక్స్ అను సంస్థ యాపు, ఏ భూమి ప్రభుత్వముదో, ఏది ప్రైవేటుదో, యజమాని యెవ్వరో గీత గీచి చూపును. వయోమింగ్ రాష్ట్రమున కొన్నియెడల ఈ రెండు విధముల భూములును చదరంగపు బల్లవలె నున్నవి. ప్రభుత్వపు గడులు రెండు మూలలకడ మాత్రమే కలియును. 2020, 2021 సంవత్సరములలో మిస్సౌరీనుండి వచ్చిన వేటగాండ్రు ఎల్క్ పర్వతముకడ అట్టి మూలలను దాటి పోయిరి. 2021లో దాటుటకు నిచ్చెన గూడ తెచ్చుకొనిరి. ప్రైవేటు నేలను కాలు తాకలేదు. కాని ఆ నేలమీది గాలిని దేహము దాటినదని యజమాని వ్యాజ్యెము వేసెను. వేటగాండ్ర ఫోనులో నిలిచియున్న గుర్తులే వారికి ప్రతికూలముగ సాక్ష్యమునకు వచ్చినవి. తుదకు 2025 మార్చిలో అప్పీలు న్యాయస్థానము వేటగాండ్ర పక్షముననే తీర్పు చెప్పెను. ఇందు మేము గమనింపదగినదని తలచున దేమన, ఆ తీర్పునకు ఆధారము పటము గాదు. ప్రభుత్వభూమికి పోవు ప్రజల నడ్డగింపరాదని శాసించిన 1885 నాటి చట్టము. పటము మూల యెచ్చటనో చూపినది. దాటవచ్చునా యను ప్రశ్నకు దానికడ ఉత్తరము లేదు.

మన యొద్ద ఆ మూలయైనను నిక్కముగ తెలియుట యరుదు. ఉపగ్రహచిత్రము గట్టును చూపును, గెట్టును చూపదు. గట్టు నాగలితో కొంచెము కొంచెముగ జరుగును. గెట్టు తిప్పనులోను, నక్షాలోను, పాతిన హద్దురాతిలోను నుండును. 2020లో ధరణియు, 2025లో దాని స్థానమున భూభారతియు వచ్చినవి. అయినను పట్టాలో వ్రాసిన విస్తీర్ణమునకును నేలమీది కొలతకును పొత్తు కుదరని తగవులు తీఱలేదు. ఫోనులోని నీలిచుక్క తెఱపియైన ఆకాశము క్రింద దాదాపు 5 మీటర్లవఱకు తప్పవచ్చును. చెట్లనీడను, బండలనడుమను ఇంకను హెచ్చుగ తప్పును. చతురస్రమైన గుంట నేలకు ఒక్కొక్క ప్రక్క 33 అడుగులు, అనగా 10 మీటర్లు. నీలిచుక్కను నమ్మి పొరుగువానితో గెట్టుతగవు పెట్టుకొనువాడు సగము గుంటను ఊహమీద గెలువజూచుచున్నాడన్నమాట.

పూర్వము క్రొత్తచోటికి పోవువాడు అడిగి తెలిసికొనెడివాడు. గొఱ్ఱెలు మేపు కుర్మవానిని గాని, చెఱువు నీరు వదలు నీరటికానిని గాని అడుగవలసి యుండెను. అడుగువాడు తానెవ్వరో, ఏ పనికి వచ్చెనో చెప్పకతప్పదు. ఆ చెప్పుటలోనే సగమనుజ్ఞ యిమిడియుండెను. కూడదన్న చో ఆగవలసిన సిగ్గును నుండెను. యాపు ఈ యడుగుటను తీసివేసినది. దాని సౌకర్యమంతయు నిందే యున్నది. దాని దోషమును నిందే యున్నది. ఎవరి ముఖమును చూడక ఎవరి చేనినైనను చూడగలుగుట గొప్పశక్తియే. కాని ముఖము చూడనివానికి మొగమోటము కలుగదు. శాకుంతలమున రాజు బాణము సంధించియుండగా తాపసుడు చేయెత్తి, ఈ లేడి ఆశ్రమముదని వారించెను. ఆ యాశ్రమపు హద్దు ఏ పటమునను లేదు. చెప్పినవాని మాటలో నున్నది. రాజు బాణము నుపసంహరించుకొనెను. కామమువలన పుట్టు వ్యసనములు పదింటిలో మనువు వేటనే మొదట పేర్కొనుటయు నిచట తలపునకు వచ్చుచున్నది.

పటమును వలదనుట మా యుద్దేశము గాదు. పెద్దన చెప్పిన ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు పూసికొని హిమాలయమునకు పోయెను. మంచున పసరు కరగిపోగా తిరిగివచ్చు త్రోవ తెలియకపోయెను. (మా గుట్ట పేరునను సిద్ధులే యున్నారు.) సిగ్నలు లేని లోయలో ఫోను పట్టుకొని నిలిచినవాని గతియు నింతే. కావున సిగ్నలు లేకున్నను పనిచేయు యాపును, ఈ చిత్రము ఏనాటిదో దాచక చెప్పు యాపును, మన యడుగుజాడలను మన యనుమతి లేక పరులకందీయని యాపును ఎంచుకొనుడని చెప్పుదుము. రంగులును, సొగసును తరువాతివి.

అంతకంటె ముఖ్యమైనది, మనము పటమున నేమి వ్రాయుదు మనునది. 2013లో మధ్యప్రదేశమున ఒక పులి మెడపట్టీనుండి వచ్చు జాడలు చేరుచుండిన ఈమెయిలును ఎవరో దొంగచాటుగ తెఱువ బ్రయత్నించిరి. పరిశోధకులు పులిని రక్షించుటకై కట్టిన పట్టీయే దానికి ముప్పు తెచ్చునదై యుండెను. మన గుట్టలలో ఎండకాలమున నీరు నిలుచు మడుగులు కొలదిగ నుండును. ఒకనాడు చూచిన మడుగును ఫోనులో గుర్తించి పదిమందికి పంపుట విలాసముగ కనబడును; ఆ పదిమందిలో ఒకడు అచట ఉచ్చు పన్నిన, పంపినవాడు నాకేమి తెలియునని యెట్లనగలడు?

పంట పోయిన రైతు ఆ ఫోనుతోనే చేయగల పని యొకటున్నది. తెల్లవాఱగనే చేనికి పోయి, విఱిగిన కంకులను, పెల్లగిలిన బోదెలను తేదీతోను, స్థలముతోను ఫోటో తీసి, సర్వే నెంబరు వ్రాసి, పరిహారమునకో అనుజ్ఞకో అటవీశాఖకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ యర్జీతో జతపఱచిన పటమున పంది పడకకు మాఱు పంట పోయిన చోటు గుర్తింపబడి యుండును.