శస్త్రచికిత్స వేళ లింగవియోగము, భయము

ఇష్టలింగము దేహమునుండి క్షణమైనను వేరు కారాదనునది లింగవంతులకు పెద్దలు విధించిన కట్టడి. శస్త్రచికిత్స గదిలోనికి పోవువారి ఒంటిపై లోహమును గాని దారమును గాని ఉంచరాదనునది ఆసుపత్రుల నియమము. ఈ రెంటి నడుమ చిక్కుకొన్న ఒక వృద్ధురాలి అవస్థను దగ్గరనుండి చూచితిని. ఆమె భయము నిజముగా దేనిని గూర్చినదో తెలిసికొనుటకు నాకు ఒక యేడాది పట్టినది.

ఆమె నాకు మేనత్త. నెల్లూరికి తూర్పున, మైపాడు దారిలో, సముద్రపు గాలి తగులు ఊరు. పిత్తాశయములో రాళ్ళున్నవని పరీక్షలో తేలినది. నూనె వంటకము తిన్న రాత్రి కుడిడొక్కలో మొదలైన నొప్పి వీపుమీదుగా భుజమునకు ప్రాకెడిది. తీసివేయుటయే మేలని వైద్యులనిరి. “లింగము తియ్యను” అని ఆమె ఒక్కటే మాట చెప్పెను. ఇంటివారందరు ఆ నిష్ఠకు నమస్కరించిరి. నేనును నమస్కరించితిని. ఆ యేడాదిలో నొప్పి నాలుగు మారులు వచ్చినది. కడపటి మారు చలిజ్వరము తోడైనది. రాయి జారి పిత్తనాళమునకు అడ్డుపడినచో కామెర్లు, క్లోమగ్రంథి వాపు కలుగవచ్చునని, అది ప్రాణము మీదికి తేగలదని వైద్యులు హెచ్చరించిరి.

ఆమె పట్టుదలకు ఆధారము లేకపోలేదు. ఏమరుపాటున లింగము నేలబడినచో ప్రాణములు విడువవలెనను కఠినమైన మాట ‘సిద్ధాంత శిఖామణి’లో కలదు. చిన్ననాటినుండి ఆ మాట విని పెరిగినవారికి శివదారము మీద చేయి వేయుటయే వణుకు పుట్టించును. కాని అచట చెప్పినది ఏమరుపాటును గూర్చి. వైద్యమునకై తెలిసి తీసి, తనవారి అరచేతిలో నిలుపుట ఏమరుపాటగునా? మరియు ‘శూన్యసంపాదన’లో నులియ చందయ్య వృత్తాంతమున్నది. ఆయన గడ్డి కోసి, తాళ్ళు పేని అమ్మి, వచ్చిన దానితో జంగమదాసోహము నడపిన శరణుడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా లింగము జారి నీళ్ళలో పడెను. ఆయన దానిని తీయక, మోపు నెత్తికెత్తుకొని తన కాయకమునకు తాను పోయెను. లింగమే వెంటబడి వేడుకొన్నదనియు, మడివాళ మాచయ్య నడుమ నిలిచి సర్దిచెప్పెననియు కథ. ప్రాణత్యాగపు మాటను అంత గట్టిగా పట్టుకొన్న మనము ఈ కథను పిల్లలకు ఏల చెప్పమో నాకు బోధపడదు.

రాతిగుడి కట్టలేని పేదకు దేహమే గుడియగునని 12వ శతాబ్దమున బసవేశ్వరుడు బోధించెను. గుడిగోడ బీటలు వారినపుడు బాగుచేయువానిని పిలుచుట అపచారము కానేరదు.

ఈ మాటలన్నియు అత్తకు చెప్పితిని. ఆమె విని తల యూపినది, ఆసుపత్రిలో చేరినది. అయితే శస్త్రచికిత్సకు ముందునాటి రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. చేయబోవు పనిని ఎవరును ఆమెకు విడమరచి చెప్పియుండలేదు. తెలిసినంత నేను చెప్పితిని: పిత్తరసమును చేయునది కాలేయము, పిత్తాశయము దానిని నిలువ చేయు చిన్న సంచి మాత్రమే, సంచి పోయినను రసము నేరుగా ప్రేగులోనికి దిగును, అన్నము అరుగును. కడుపులో వాయువు నింపి, నాలుగు చిన్న రంధ్రముల గుండా సన్నని గొట్టములు పంపి, లోపలి బొమ్మను తెరపై చూచుచు సంచిని కోసి తీయుదురు. బెర్లినులో కార్ల్ లాంగెన్‌బుఖ్ 1882 జూలై 15న మొట్టమొదట పొట్ట కోసి దీనిని తీసెననియు, ఈ చిన్న రంధ్రముల పద్ధతిని 1985లో జర్మనీలోనే ఎరిక్ మూహె ప్రారంభించెననియు కూడ చెప్పితిని. పాండిత్యము ప్రదర్శించితినేమో. ఆమె అంతయు విని ఒక్కటే అడిగెను.

“మత్తులో నేను యాడుంటానురా?”

నిద్రలో ఉన్నట్లేనంటిని. “నిద్రలో లింగము రొమ్ము మీద ఉంటుంది గదా” అనెను. కొంతసేపటికి తానే మరల అన్నది: “లింగము మాట పైకి చెప్పిందేరా అబ్బయ్యా. నాకు భయంగా ఉండాది. భయమంటే నవ్వుతారని అట్లా అన్నా.”

నాకు సిగ్గు వేసినది. ఆమె నిష్ఠకు మేము చేసిన నమస్కారములే ఆమె నోరు కట్టివేసినవి. “శివుని నమ్మినవారికి భయమేమమ్మా” అని చూడవచ్చిన పెద్ద లొకరు అన్నపుడు ఆమె చిరునవ్వు నవ్వి ఊరకుండెను. ఆ మాట ధైర్యము చెప్పినట్లుండును గాని, భయపడినదానవు భక్తురాలవు కావని చెప్పుటయే దాని ఫలితము.

భయము పాపమా? ఆకలి ఎట్టిదో భయమును అట్టిదే. దేహము ఉన్నంతకాలము ఉండునది. ఆకలి వేసినందుకు ఏ శరణుని ఎవరును నిందింపలేదు. లింగమునకు అర్పింపక తినుటయే తప్పన్నారు. చేదైనను తీపియైనను ఎదురైనదానిని ముందు లింగమునకు అర్పించి పిదప అనుభవించువాడే ప్రసాది. అట్లయినచో మనము దాచిపెట్టిన భయము అనర్పితమైన భోజనము వంటిది. దానిపై నిష్ఠ అను పట్టువస్త్రము కప్పినచో మరింత కలుషమగును. ఆ రాత్రి అత్తతో ఇంత తర్కము చేయలేదు. “రేపు పూజలో ఆ భయమునే చెప్పుకో” అని మాత్రమంటిని.

తెల్లవారుజామున ఆమె పూజ చాల సేపు నడచినది. నీరు ఎంతవరకు త్రాగవచ్చునో ముందే అడిగి, ఆ గడువులోపల పాదోదకము ఒక్క గుక్క తీసికొన్నది. (ఇట్టివి వైద్యుని అడుగుటకు మనవారు మొగమాటపడుదురు, పడనక్కరలేదు.) పిదప శివదారమును తానే తీసి, లింగకాయను నా అరచేతిలో పెట్టెను. పెట్టెలో గాని సంచిలో గాని వేయవద్దనెను.

లోపల గంటకు పైగా పట్టినది. ఆమె ఎక్కడ ఉండునన్న ప్రశ్నకు నాయొద్ద జవాబు లేదు, నేటికిని లేదు. మత్తు నిద్ర వంటిది కాదని, ఆ సేపు ఊపిరిని, నాడిని ఒక వైద్యుడు విడువక కనిపెట్టి యుండునని మాత్రము తరువాత తెలిసినది. ఆమె శ్వాసను కాచుట అపుడు మరొకరి కాయకమైనది. వరండాలో నేను చేయి ముడువక, చాపక కూర్చుంటిని. ఎప్పుడును జపమునకు అంతసేపు కూర్చున్నవాడను కాను.

మెలకువ వచ్చినపుడు ఆమె ముందుగా నీళ్ళడిగెను. పెదవులు తడిపిరి. అంతట కన్నులు నా చేతివైపు త్రిప్పి, “నీ చెయ్యి నొప్పి పుట్టలేదా” అనెను.