దాసోహమున మూగజీవి పాలు

కల్యాణపురమున బసవేశ్వరుడు దండనాయకుడై యున్న కాలమున దొంగలు ఆయన ఆవులను తోలుకొనిపోయిరనియు, భటులు వెంటాడ సిద్ధపడగా ఆయన వారించి దూడలను గూడ వారివెంట పంపుమనెననియు భక్తలోకమున ప్రసిద్ధి. సొత్తు పోయినందులకు ఆయనకు చింత కలుగలేదు. కొట్టములో మిగిలిన దూడ తల్లికై అరచుట మాత్రము భరింపరానిదయ్యెను. ఈ కథ విని దొంగలయెడ ఆయన చూపిన క్షమను మెచ్చువారు పెక్కురు. దూడ అరుపును చెవినిడువారు కొలదిమందియే.

శివుని దరి చేరుటకు మానవజన్మమే యుండవలెనను నియమము శైవమున లేదు. సాలెపురుగు, పాము, ఏనుగు ముక్తినొందిన క్షేత్రము శ్రీకాళహస్తి. ఆ మూడింటి పేరే ఆ ఊరికి నిలిచినది. కుక్కచేత వేదము చదివించిన భక్తుని కథ వీరశైవులకు క్రొత్తది కాదు. అయినను ఇట్టి కథలు విని తలయూచి ఇంటికి వచ్చిన గృహస్థుడే వాకిట నిలిచిన కుక్కపిల్లను రాతితో కొట్టుట కలదు.

అంతకంటె కఠినమైనది వేఱొకటి కలదు. బిడ్డ ముచ్చటపడెనని తండ్రి వేలరూపాయలు పోసి జాతికుక్కను కొనును. ఏడాది గడచును. ఉద్యోగము వేఱొక ఊరికి మాఱును. క్రొత్త ఇంటి యజమాని కుక్క వలదనును. ఒకనాటి రాత్రి దానిని బండిలో నెక్కించి ఊరి వెలుపల దింపివచ్చును. వీథిలో పుట్టిన కుక్కకు కూడు వెదకుకొను తెలివి కొంత యుండును. ఇంట పెరిగినదానికి అదియు లేదు. అది దింపినచోటనే కూర్చుండి వచ్చుపోవు బండ్లను చూచుచుండును. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము పెంపుడు జంతువు నిట్లు ఆకలిదప్పులకు వదలివేయుట నేరము. మెడలో లింగమున్నవానికి చట్టము చెప్పనేల?

ఇట్టి జీవుల కొఱకు పనిచేయు శరణాలయములు తెలుగునాట కలవు. హైదరాబాదులో అక్కినేని అమల, నాగార్జున దంపతులు 1992లో స్థాపించిన బ్లూ క్రాస్, విశాఖపట్టణమున 1996లో ఏర్పడిన జంతు సంరక్షణ సంఘము అందఱెఱిగినవి. 2025 నవంబరులో సుప్రీంకోర్టు విద్యాలయములు, వైద్యశాలలు, బస్సు నిలయములు మొదలగు ఆవరణములలో పట్టిన వీథికుక్కలను తిరిగి అక్కడ విడువక శరణాలయములకు తరలింపవలెనని ఆదేశించెను. చోటు చాలని శరణాలయములకు ఇది మఱింత భారము. అందుండి ఒక్క ప్రాణిని ఒక ఇల్లు స్వీకరించినచో రెండు ప్రాణులకు మేలు కలుగును. ఒకదానికి ఇల్లు, వేఱొకదానికి ఖాళీయైన చోటు.

లింగార్చన జరుగు ఇంట కుక్క యేమిటని పెద్దలు కొందఱు శంకింతురు. జనన మరణాది పంచసూతకములను త్రోసిపుచ్చిన శరణుల సంతతికి ఈ శంక తగదు. పూజాగృహమునకు దానిని రానీయకుండుట వేఱు, వాకిటిలో చోటు లేదనుట వేఱు.

అయితే పిల్లలను కుక్కలు కఱచుచున్నవను తల్లుల భయము శంక కాదు, సత్యమే. దయ పేరిట దానిని తేలికచేయరాదు. రేబిస్ లక్షణములు కనబడిన పిమ్మట ప్రాణము దక్కుట దాదాపు అసాధ్యము. కఱచినచోటును పదునైదు నిమిషములు సబ్బుతో, ధారగా పడు నీటితో కడిగి, పసుపు కారముల జోలికి పోక, వెంటనే వైద్యశాలకు పోవలెను. వీథికుక్కకు అన్నము పెట్టి పుణ్యము మూటగట్టుకొనువాడు దానికి టీకాయు, సంతాన నిరోధ చికిత్సయు చేయించినాడా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఆడుకుక్క చూలుదాల్చిన రెండు నెలలకే ఈనును. ఒక్క యీతకు నాలుగైదు పిల్లలు పుట్టుట సామాన్యము. వాటిలో పెక్కు బండ్ల క్రింద పడి చచ్చును. ఆ చావును చూచి కన్నీరు పెట్టుటకంటె ముందే చికిత్స చేయించుట దయ.

శరణాలయమునకు ధనమిచ్చి చేతులు దులుపుకొనుట దాసోహమున సగమే. కాయకము మిగిలియున్నది. అక్కడ గదులు కడుగువారు, పుండ్లకు మందు వేయువారు తక్కువ. పాత ధోవతులు, గోనెసంచులు, బియ్యము అక్కడ ఎన్నడును వృథా కావు. ఇంటికి తెచ్చుకొనదలచినవారు మొదట ఇంటిల్లిపాదిని అడుగవలెను. ఊరికి పోవునపుడు దానిని ఎవరు చూతురో ముందే తేల్చుకొనవలెను. మూడు నెలల వయసు నుండి రేబిస్ టీకా, పిదప ఏటేట మరల టీకా వేయింపవలెను. నాటుకుక్క ఈ యెండలకు, ఈ తిండికి అలవడినది. దానికి జాతికుక్కకు వలె వేల ఖర్చు లేదు. అయినను శరణాలయమునకు పోయినవారి కన్ను దానిపై నిలువదు. ముసలిదైనచో అసలే నిలువదు.

బసవ జయంతి అక్షయ తృతీయనాడు, మండుటెండలలో వచ్చును. ఆనాడు మఠమునకు నలుదిక్కుల నుండి కుటుంబములు చేరును. మఠాధిపతులు ముందుగా సమీప శరణాలయమునకు కబురంపి, టీకాలు వేసిన పిల్లలను నాలుగింటిని తెప్పించి, దాసోహ మందిరము చెంత వేపచెట్టు నీడన ఉంచవచ్చును. తీసికొనదలచిన ఇంటివారి యూరు పేరు వ్రాసికొని, నెల దినముల పిదప ఒకరు పోయి చూచి రావలెను. వాకిట నీళ్లతొట్టి యొకటి ఆనాటి నుండి వానలు పడువఱకు నిండియుండవలెను.