నకలు వలన అసలు చిన్నబోవునా?

1962లో అమెరికా రేసు చోదకుడు కారొల్ షెల్బీ ఇంగ్లండులోని ఏసీ కార్స్ సంస్థవారి తేలికపాటి కారులో ఫోర్డ్ వి8 ఇంజనును అమర్పించి, దానికి కోబ్రా అని పేరు పెట్టాడు. ఆ దశాబ్దంలో తయారైన కోబ్రాలు దాదాపు వేయి మాత్రమే. నేడు రోడ్లపై కనిపించే కోబ్రాలలో అత్యధికం ఆ వేయిలో చేరవు. విడిభాగాల కిట్టుగా కొని, ఇంటి గ్యారేజీలోనే బిగించుకున్న నకళ్లు. అయినా మొట్టమొదటి కోబ్రా, సీఎస్ఎక్స్ 2000 అన్న సంఖ్య గలది, 2016లో మాంటరే వేలంలో 1.375 కోట్ల డాలర్లు పలికింది.

ఒకే రూపం సంత నిండా ఉంటే విలువ తగ్గాలి కదా? మాకు తోచినంతలో, ఇక్కడ అమ్ముడయ్యేవి రెండు వేర్వేరు వస్తువులు. నకలు కొనేవాడు రూపాన్నీ, ధ్వనినీ, వేగాన్నీ కొంటాడు. అసలు కొనేవాడు ఒక జీవితచరిత్రను కొంటాడు: ఏ చేతులు దానిని బిగించాయి, ఏ పందెంలో పరుగెత్తింది, ఎవరెవరి ఇంట నిలిచింది. ఆ చరిత్రను ఫైబర్‌గ్లాసుతో పోత పోయలేము. పైగా ఊరూరా తిరిగే నకళ్లే ఆ రూపాన్ని మరుగున పడనీయలేదు. ఈ మాట అసలు కార్ల యజమానులకు రుచించకపోవచ్చు.

తిరుమల ఆనందనిలయంలో మూలవిరాట్టుకు ప్రతిరూపమైన వెండి మూర్తి భోగ శ్రీనివాసుడు కొలువై ఉన్నాడు. పల్లవ రాణి సామవై సమర్పించిన మూర్తి అది. ఏకాంత సేవలో పవళించేది ఆ స్వామియే. ఆయనను నకలు అని ఏ భక్తుడూ అనడు. ఆయన పేరు వేరు, ఆయన అందుకునే సేవ వేరు. అర్చామూర్తినీ వేలంలో పలికే యంత్రాన్నీ ఒకే తక్కెడలో తూచరాదు కనుక ఈ పోలికను సాగదీయము. పేరు విషయంలో మాత్రం అది నిలుస్తుంది.

దోషం మొదలయ్యేది పేరు మార్చినప్పుడే. నకలు మీద పాత ఛాసిస్ సంఖ్య చెక్కి అసలుగా అమ్మితే, నష్టం కొన్నవాడితో ఆగదు. నిజమైన కారు గలవాడు కూడా ఇకమీదట తన కారుకు సాక్ష్యం వెతుక్కోవాలి. షెల్బీ కార్ల అభిమానుల క్లబ్బు ఒక్కొక్క సంఖ్య వెనుక ఉన్న చరిత్రను గ్రంథస్థం చేయడం అందుకే అంత విలువైన పని.

ఇంతకన్న చిక్కు ప్రశ్న జాగ్వార్ వారు తెచ్చిపెట్టారు. 1963లో తేలికపాటి ఈ-టైప్ కార్లు 18 చేయదలచి, 12తోనే ఆపారు. మిగిలిన ఆరు సంఖ్యలు చిట్టాలో ఖాళీగా ఉండిపోయాయి. 2014లో ఆ ఆరింటినీ అవే సంఖ్యలతో తయారు చేయ పూనుకున్నారు. తయారీదారు అదే, సంఖ్య అసలైనదే, దాపరికం లేదు. మరి అవి అసలా, నకలా? మరోవైపు, పందెంలో దెబ్బతిని రేకంతా మార్చుకున్న 1963 నాటి కారును మనం సందేహించక అసలు అంటాము. లోహం మారినా దాని జీవితం ఎక్కడా తెగలేదు కదా! ఆ లెక్కన జాగ్వార్ వారి ఆరు కార్లూ 2014 తరువాత పుట్టినవే. అవి చక్కని కార్లు, నిజాయితీగా అమ్మిన కార్లు. వాటికి 1963 నాటి జాతకం రాయడానికి మాత్రం మా మనసు ఒప్పుకోదు.